ఎప్పుడూ నలభై డిగ్రీలే

ఆ వీధిలో సైలెన్సర్ ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ అడ్రసు చెప్పరు. మాటలు ఎటునుంచి వినిపిస్తున్నాయో అటు చెయ్యి చూపిస్తారు. అతను బానెట్ కింద తలపెట్టి మాట్లాడతాడు, కారు కింద పడుకుని మాట్లాడతాడు, నోట్లో బోల్టులు పెట్టుకుని కూడా మాట్లాడతాడు. పని నేర్పిన మేస్త్రి తొలివారంలోనే చేతులెత్తేసి, "నీకు సైలెన్సర్ బిగించడం నావల్ల కాదు, కనీసం ఆ పేరైనా పెడతా" అన్నాడట. మేస్త్రి పోయాడు. షెడ్డూ పేరూ మాటలూ మిగిలాయి. నాలుక మీద "తెలీదు" అన్న ఒక్క మాట తప్ప మిగతావన్నీ ఆడతాయి.

షెడ్డంటే పెద్దగా ఊహించుకోవద్దు. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ సిమెంటు నేల. ఒక కారు లోపలుంటే రెండోది వీధిలో నిలబడాలి. స్పానర్లు ఎక్కడివక్కడే ఉండాలని మేస్త్రి గోడ మీద ఒక్కోదాని బొమ్మా తెల్లరంగుతో గీయించి మేకులు కొట్టించాడు. ఇప్పుడు బొమ్మలున్నాయి, స్పానర్లు లేవు. గోడ చూస్తే పోయిన స్పానర్లకి సంతాపసభ జరుగుతున్నట్టు ఉంటుంది.

సైలెన్సర్ పనికి రెండు గుర్తులు. ఒకటి ఎర్రదారం. ఏ రెండు వైర్లు కలిపినా పైన నల్లటేపు చుట్టి, ఆ టేపు వేడికి ఊడిపోకుండా ఎర్రదారంతో బిగించి ముడేస్తాడు. దారం వాళ్ళావిడ కుట్టుమిషను సొరుగులోంచి వస్తుంది, అందుకే ఆ ఇంట్లో ఎర్ర జాకెట్టుకి కూడా పచ్చదారం కుట్లుంటాయి. "నేను కట్టిన ముడి నేను పోయాక కూడా ఉంటుంది" అని అతని గొప్ప. రెండోది అతని వైద్యం. కారులో హెచ్చరిక లైటు వెలిగితే జబ్బు కారుది కాదు, చూసేవాడి మనసుది అంటాడు. లైటు ఆరిపోతే మనసు కుదుటపడుతుంది, మనసు కుదుటపడితే కారు దానంతటదే నడుస్తుంది. ఈ సిద్ధాంతంతో చాలా కార్లు నడిచాయి. కొన్ని నడవలేదు. వాటి గురించి అతను మాట్లాడడు.

అతనికి ఒక అక్క ఉంది. నర్సు. మనిషి సన్నంగా ఉంటుంది, చూపు సూదిలా ఉంటుంది. పెద్ద పెద్ద మగవాళ్ళు కూడా ఆవిడ "చొక్కా చెయ్యి పైకి లాగు" అంటే మారు మాట్లాడకుండా లాగుతారు. ఆవిడకి ఒక చిన్న కారుండేది. అందులోని ఇంజిన్ ముసలిదై, తుమ్మితే ఊడిపోయేలా తయారైనప్పుడు తమ్ముడు ముందుకొచ్చాడు. పాతసామాను గుట్టలోంచి ఒక సరుకుల వ్యాను ఇంజిన్ పీకించుకొచ్చి ఆ చిన్న కారులో కూర్చోబెట్టాడు. అది కూర్చోలేదు. బానెట్ కింద గొట్టాలు వంచాడు, రేకు కోశాడు, వ్యాను కంప్యూటర్ డబ్బాని అద్దం కింది సొరుగులో దూర్చాడు. చివరికి ఇంజిన్ పట్టింది గానీ బానెట్ పట్టలేదు, దానికి మూపురం పెట్టాల్సొచ్చింది. అక్క చుట్టూ తిరిగి చూసి, "ఇది కారు కాదురా, కంచరగాడిద" అంది. ఆ పేరు నిలిచిపోయింది.

సైలెన్సర్ జీవితంలో బాగుచేసిన బళ్ళు లెక్కలేనన్ని. అవన్నీ ఎవరో తయారుచేస్తే ఇతను మరమ్మతు చేసినవి. ఇతను తయారుచేసింది మాత్రం ఈ కంచరగాడిద ఒక్కటే. షెడ్డులో వాళ్ళావిడ ఫోటో లేదు, దీని ఫోటో ఉంది.

ఊళ్ళో ఉన్నంతకాలం అది బాగానే తిరిగింది. పెట్రోలు మాత్రం కుడితి తాగినట్టు తాగేది. అడిగితే, "పెద్ద ఇంజిన్ కదక్కా, ఆకలెక్కువ" అనేవాడు. తరవాత అక్కకి కొండ మీది ఆరోగ్యకేంద్రానికి బదిలీ అయింది. అక్కడినుంచి కష్టాలు మొదలయ్యాయి. కొండ సగం ఎక్కేసరికి కంచరగాడిద వెనక నల్లటి పొగ, ముందు దగ్గు, ఆపైన నిశ్శబ్దం. కాసేపు ఆగితే మళ్ళీ కదిలేది. ఆగడానికి తీరిక ఉండాలి కదా.

ఆ తోపుడు పనంతా బావది. అక్క మొగుడు రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెళ్ళో ఈల ఇంకా ఉంది. కారు ఆగగానే దిగి, ఈల ఊది, తనకి తానే ఆజ్ఞ ఇచ్చుకుని తోసేవాడు. కొండ కింద కొట్టువాళ్ళు ఆయన్ని చూసి "స్టార్టర్ మోటార్ వస్తోంది" అనేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడింది.

సైలెన్సర్ ఊరుకోలేదు. గాలి కొలిచే సెన్సార్ మార్చాడు. ఇంజిన్ తిరుగుడు చూసే సెన్సార్ మార్చాడు. పొగగొట్టం సెన్సార్ మార్చాడు. మార్చిన ప్రతిసారీ, "అక్కా, ఇక చూడు, రాకెట్టే" అన్నాడు. రాకెట్టు కొండ సగం దాకా వెళ్ళి ఆగింది. తీసేసిన సెన్సార్లతో డిక్కీలో ఒక అట్టపెట్టె నిండింది. ఇంజిన్ నీళ్ళ వేడి చూసే సెన్సార్ ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. ఎందుకంటే డాష్‌బోర్డులో వేడి ముల్లు చక్కగా కదులుతోంది. కదిలేదాన్ని కెలకడం తెలివితక్కువ అన్నాడు.

చివరికి ఒకరోజు కాన్పు చూడ్డానికి వెళుతున్న అక్క దారిలో కారాగితే, మందులపెట్టె చేత్తో పట్టుకుని కొండెక్కింది. వెళ్ళేసరికి బిడ్డ పుట్టి, ఏడ్చి, పాలు తాగి నిద్రపోతోంది. అక్క దిగి వచ్చి తమ్ముడికి ఒకే మాట చెప్పింది.

"ఆదివారం పాతసామానాయన వస్తాడు. నేనే రమ్మన్నా. ఆయనొచ్చేలోపు ఇది కొండెక్కితే ఉంటుంది. లేదంటే ఆయన లారీ ఎక్కుతుంది."

"అక్కా, నా మాట విను..."

"విన్నా. రాకెట్టని విన్నా."

సైలెన్సర్‌కి ఆ రాత్రి అన్నం సహించలేదని వాళ్ళావిడ చెప్పింది. మాటలు మాత్రం సహించాయట.

ఆదివారం పొద్దున్నే అతను చెయ్యకూడని పని చేశాడు. తోడల్లుణ్ణి పిలిపించాడు. ఆ తోడల్లుడు కార్ల ఎలక్ట్రీషియను, పక్క వీధిలో అద్దాల కొట్టు. చేతిలో ఎప్పుడూ ల్యాప్‌టాప్ ఉంటుంది కనుక పేరూ అదే. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. ఒకే మామగారి దగ్గర పోటీపడి దండాలు పెట్టిన బాపతు. ఒకణ్ణి చూస్తే ఒకడికి కడుపు నిండా ప్రేమ, కడుపు మాత్రం మండుతూ ఉంటుంది.

ల్యాప్‌టాప్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కూర్చోడానికి శుభ్రమైన చోటు వెతికి, దొరక్క నిలబడ్డాడు.

"ఏంటన్నయ్యా, మీ నోటికి లొంగని కారు కూడా ఉందా?"

"లొంగకేం తమ్ముడూ. నీకూ కాస్త పని చూపిద్దామని."

కంచరగాడిద రాత్రంతా షెడ్డులో నిలబడి చల్లగా ఉంది. ల్యాప్‌టాప్ సొరుగులోని డబ్బాకి వైరు తగిలించి, తెర మీద చూశాడు. అతనికి కావలసింది ఎర్ర అక్షరాలు. కంప్యూటర్‌కి ఏదైనా తప్పు దొరికితే ఎర్రగా చూపిస్తుంది. ఎర్ర అక్షరాలు లేవు.

"తప్పుల్లేవు. అన్నీ ఫస్ట్ క్లాస్" అన్నాడు. "గాలి సరిగ్గా ఉంది. ఇంజిన్ వేడి నలభై. తిరుగుడు... ఇంకా స్టార్ట్ చెయ్యలేదుగా, సున్నా."

అక్క ఒక టైరు మీద కూర్చుని టీ తాగుతోంది. తల తిప్పి తెరవైపు చూసింది. 

"వేడెక్కాకే కదా చచ్చేది, వేడెక్కిద్దాం" అన్నాడు సైలెన్సర్. బావ లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు. వీధి వీధంతా కిటికీలు మూసుకుంది. షెడ్డు పొగతో నిండింది, గోడ మీది స్పానర్ల బొమ్మలు కనపడ్డం మానేశాయి. సైలెన్సర్ ఆ పొగలోంచే తన ఇంజిన్ గుణగణాలు వర్ణిస్తున్నాడు. డాష్‌బోర్డులో ముల్లు సగం దాటింది. ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి, ఒక ఎక్కిలి పెట్టి ఆగిపోయింది. బావ చెయ్యి అలవాటుగా ఈల మీదకి వెళ్ళింది.

"దిగకండి, ఇక్కడ తొయ్యడానికి చోటు లేదు" అంది అక్క.

ల్యాప్‌టాప్ దగ్గుతూ మళ్ళీ తెర చూశాడు. "ఇప్పుడు కూడా తప్పుల్లేవన్నయ్యా. కంప్యూటర్ క్లీన్‌గా ఉందంటోంది. వేడి నలభై, గాలి బాగుంది. మీ ఇంజినే ముసలిదేమో. మనుషులం కూడా అంతే కదా."

"ముసలిది నీ..." అని సైలెన్సర్ మొదలుపెట్టి, అక్కని చూసి, "...నీ ల్యాప్‌టాప్" అని ముగించాడు.

సరిగ్గా అప్పుడే పాతసామానాయన లారీ వచ్చి వీధిలో ఆగింది. ఆయన దిగి, జేబులోంచి అయస్కాంతం తీసి, ఎవర్నీ అడక్కుండా కంచరగాడిద ఒళ్ళంతా ఆనిస్తూ వచ్చాడు. తలుపుకి అంటుకుంది. మడ్‌గార్డుకి అంటుకోలేదు.

"ఇక్కడ ఇనుము లేదే?"

"అది పుట్టీ. ఇనుము కన్నా గట్టి" అన్నాడు సైలెన్సర్.

"నాకు ఇనుమే కావాలి నాయనా" అని ఆయన పుట్టీని తీసేసి లెక్కేస్తున్నవాడిలా తలాడించాడు.

అక్క లేచింది. టీ గ్లాసు కింద పెట్టి, బానెట్ కింద ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టబోయి, వేడికి వెనక్కి లాక్కుంది. తరవాత తెర దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి, ఈ నలభై?"

"ఇంజిన్ నీళ్ళ వేడి అక్కయ్యా" అన్నాడు ల్యాప్‌టాప్ ఓపికగా. "డిగ్రీలు."

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా నలభయ్యే అన్నావు."

"అవునక్కయ్యా."

"ఇప్పుడు చెయ్యి కాలింది. ఇప్పుడూ నలభయ్యేనా?"

ల్యాప్‌టాప్ తెర చూశాడు. అక్క చెయ్యి చూశాడు. మళ్ళీ తెర చూశాడు. "కానీ అక్కయ్యా, ఎర్రగా ఏమీ..."

"మా వార్డులో ఒక రోగి చార్టులో పొద్దున తొంభై ఎనిమిది, మధ్యాహ్నం తొంభై ఎనిమిది, ఒళ్ళు పెనంలా కాలుతున్నప్పుడూ తొంభై ఎనిమిది ఉందనుకో. రోగి కులాసాగా ఉన్నాడనా? రాసినవాడు థర్మామీటర్ పెట్టకుండా రాశాడని. అలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను. అంకె మరీ బుద్ధిగా ఉంటే అనుమానించాలి."

  పాతసామానాయన అయస్కాంతాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"అయితే మరి ముల్లు కదులుతోందిగా అక్కా?" అన్నాడు సైలెన్సర్ కాస్త తేరుకుని.

దానికి సమాధానం ల్యాప్‌టాప్ దగ్గర ఉంది. చెప్పడానికి అతనికి మనసొప్పలేదు గానీ చెప్పాడు. "ముల్లుకి వేరే సెన్సార్ అన్నయ్యా. అది డ్రైవర్ చూసుకోడానికి. కంప్యూటర్‌కి ఇంకోటుంటుంది, రెండు వైర్లది."

అదీ సంగతి. కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ ఇంజిన్ ఎప్పుడూ అప్పుడే నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటోంది. పాపం ఇంకా చలిగా ఉందేమోనని పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తోంది. ఊళ్ళో నాలుగు వీధులు తిరిగినంతకాలం ఆ ముద్దు చెల్లింది. కొండ మీద ఇంజిన్ చెమటలు కక్కుతుంటే కూడా కంప్యూటర్ దుప్పటి కప్పి, నోట్లో పెట్రోలు పోస్తూనే ఉంది. ప్లగ్గులు మసిబారి, పొలమారి, ఊపిరాడక అది ఆగిపోతోంది.

"ఎవడో వెధవ చేసిన పని ఇది!" సైలెన్సర్‌కి గొంతు తిరిగొచ్చింది. టార్చి తీసుకుని బానెట్ కింద దూరాడు. "నాకు తెలుసు. ఆ ఇంజిన్ ఇంతకుముందు ఎవడి చేతిలో ఉందో! బుద్ధి, జ్ఞానం లేనివాడు, పొట్టకోసం మెకానిక్ అయినవాడు, అమ్మ పెట్టే తిండి దండగైనవాడు... ఇదిగో సెన్సార్, ఉంది బిగించే. దీని వైర్లేవి? వైర్లు కోసేశాడు! చూశావా తమ్ముడూ, కోసేశాడు! ఇలాంటివాడి చెయ్యి విరగ్గొట్టాలి. కంప్యూటర్ వైపు వైర్లు ఇటెళ్ళాయి... ఇక్కడ టేపు చుట్టాడు... లోపలేదో దాచాడు దొంగవెధవ..."

మాట అక్కడ ఆగింది.

"ఏమైందిరా?" అంది అక్క.

 ల్యాప్‌టాప్ ఇస్త్రీ చొక్కా సంగతి మర్చిపోయి పక్కనుంచి తల దూర్చాడు. దూర్చినవాడు నెమ్మదిగా తల బయటికి తీసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"అక్కయ్యా, టేపు మీద ఎర్రదారం ఉంది" అన్నాడు గోడతో.

సైలెన్సర్ కట్టిన ముడి నిజంగానే గట్టిది. విప్పడానికి బ్లేడు కావాల్సొచ్చింది. లోపల కంప్యూటర్‌కి వెళ్ళే రెండు వైర్ల చివర్ల మధ్య బియ్యపుగింజంత రెసిస్టర్ ఒకటి ఉంది. కంప్యూటర్‌కి సెన్సార్‌లా కనపడి, ఎండైనా వానైనా నలభై డిగ్రీలే చెప్పే అబద్ధపు గింజ.

"అదీ... ఇంజిన్ పెట్టిన కొత్తల్లో లైటు వెలిగిందక్కా" అన్నాడు సైలెన్సర్. అతని గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని అక్కడెవరికీ తెలీదు. "సెన్సార్ పోయిందని. నువ్వు చూస్తే కంగారు పడతావని... తాత్కాలికంగా పెట్టా. తరవాత మార్చుదామనుకున్నా. మర్చిపోయా."

"ఎవడో వెధవ అన్నావు?"

"అన్నా."

"చెయ్యి విరగ్గొట్టాలన్నావు?"

"అక్కా..."

"పని పూర్తయ్యాక ఆలోచిద్దాం. ఇప్పుడు ఆ చెయ్యితో అవసరముంది."

పాతసామానాయన వాచీ చూసుకుని టైరు మీద కూర్చున్నాడు. ఇలాంటి కాలక్షేపం ఆయన గోదాములో ఉండదు.

ఇంజిన్ చల్లారాక పాత సెన్సార్‌ని విప్పారు. విప్పగానే పచ్చటి నీళ్ళు బావ చెప్పుల మీద పడ్డాయి, ఆయన తన హక్కుగా తిట్టాడు. పోయిందో లేదో తేల్చడానికి అక్క టీ గ్లాసులోనే మరిగే నీళ్ళు పోసి, సెన్సార్ కొస ముంచి, వెనక మీటర్ పట్టుకున్నాడు ల్యాప్‌టాప్. మంచి సెన్సార్ అయితే వేడి పెరిగేకొద్దీ మీటర్లో అంకె దిగాలి. అంకె కదల్లేదు. చచ్చిన చేప కన్ను కదలనట్టు కదల్లేదు.

"కొత్తది ఎక్కడ దొరుకుతుందో ఆదివారం పూట" అన్నాడు బావ.

ల్యాప్‌టాప్ సంచీలో చెయ్యి పెట్టి చిన్న డబ్బా తీశాడు. "ఈ వ్యాను ఇంజిన్లకి ఎక్కువగా పోయేది ఇదే. నా దగ్గర ఒకటి ఎప్పుడూ ఉంటుంది."

"ఎక్కువగా పోయేది ఇదేనని తెలిసి కూడా పొద్దున్నుంచీ నోరు మెదపలేదా?" సైలెన్సర్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎర్రగా చూపిస్తే కదన్నయ్యా చెప్పడానికి!"

"బాగుంది" అంది అక్క. "ఒకడు లైటు ఆర్పేవాడు, ఒకడు లైటు వెలిగితే తప్ప చూడనివాడు. మీ మామగారు మంచి జోడీనే వెతికాడు."

కొత్త సెన్సార్‌ని కూడా గ్లాసులో ముంచారు. అంకె జరజరా దిగింది. బావ ఆనందం పట్టలేక ఈల ఊదాడు. కొత్త వాషరు వేసి సెన్సార్ బిగించారు. వైర్లు ల్యాప్‌టాప్ అతికించాడు. సైలెన్సర్ టేపు చుట్టి, జేబులోంచి ఎర్రదారం తీసి, అక్కవైపు చూశాడు.

"కట్టు. ఈసారి లోపలేముందో నాకు తెలుసుగా."

ప్లగ్గులు విప్పి మసి గీకి మళ్ళీ బిగించారు. నీళ్ళు నింపి, గొట్టంలో గాలి పోయేదాకా పిసికి, స్టార్ట్ చేశారు. తెర మీద వేడి ముప్పైలతో మొదలై ఒక్కో అంకే పైకి ఎక్కసాగింది. పొగ పలచబడింది. గోడ మీద స్పానర్ల బొమ్మలు మళ్ళీ కనపడ్డాయి.

అందరూ కొండకి వెళ్ళారు. అక్క నడిపింది, పక్కన బావ, వెనకసీట్లో తోడల్లుళ్ళిద్దరూ మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా. పాతసామానాయన లారీలో వెనకాలే వచ్చాడు, ఎక్కడ ఆగితే అక్కడే ఎక్కించుకుందామని. సైలెన్సర్ ముందుసీటుని గట్టిగా పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఊపిరి బిగబట్టాడు. కొట్టువాళ్ళు స్టార్టర్ మోటార్ దిగుతుందేమోనని బయటికొచ్చి చూశారు. బావ కిటికీలోంచి వాళ్ళకి గంభీరంగా చెయ్యూపాడు. ఎప్పుడూ ఆగే మలుపు వచ్చింది, పోయింది. ఇంజిన్ దగ్గలేదు. లారీ కొండ కింద మలుపుల్లోనే ఎక్కడో మూలుగుతోంది.

కొండ మీద ఆరోగ్యకేంద్రం ముందు కారాగింది. అక్క ఆపితే ఆగింది.

"చూశావా అక్కా? నేను చెప్పలా, రాకె..."

అక్క వెనక చూసుకునే అద్దంలోంచి చూసింది. మిగతా అక్షరం అతని నోట్లోనే ఉండిపోయింది.

కాసేపటికి లారీ వచ్చింది. ఇంత దూరం వచ్చినాయన్ని ఉత్తచేతులతో పంపడం బాగుండదని అక్క డిక్కీ తెరిచి, తమ్ముడు మార్చిపారేసిన సెన్సార్ల అట్టపెట్టె ఇచ్చింది. ఆయన అయస్కాంతం ఆనించి చూసి, పెదవి విరిచి, తీసుకున్నాడు.

కంచరగాడిద ఉండిపోయింది. రెసిస్టర్ గింజని అక్క ఎర్రదారంతోనే ఆ అద్దానికి వేలాడదీసింది. సైలెన్సర్ ఆ కారెక్కినప్పుడల్లా అది కళ్ళెదుట ఊగుతుంది.

ఆ తరవాత వానాకాలంలో ఒకరోజు దాని డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలిగింది. అక్క నేరుగా షెడ్డుకి తోలుకొచ్చింది. సైలెన్సర్ తల లోపలికి దూర్చి, లైటు చూసి, చెయ్యి అలవాటుగా జేబులోని టేపు మీదకి పోనిచ్చాడు. "ఏం లేదక్కా, ఇది వానలకి..."

అక్క ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. రెండు వేళ్ళు నాడి మీద ఆనించి, గోడ గడియారం వైపు చూసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది." కాసేపు చూసి తలాడించింది. "పరిగెత్తుతోంది. అబద్ధం నోటిదాకా వచ్చినప్పుడు అందరికీ ఇంతే. ఇప్పుడు చెప్పు, ఏం పోయింది?"

సైలెన్సర్ లైటు వంక చూశాడు. అద్దానికి ఊగుతున్న గింజ వంక చూశాడు.

"తెలీదక్కా. చూడాలి."

అక్క చెయ్యి వదిలేసింది. "చూడు మరి" అని టైరు మీద కూర్చుంది.